కుడిచేతి వాటం, చేపల వేట

ఎం.ఎస్. ఆర్థో ప్రాక్టికల్ పరీక్షలో చేతి కేసు పడిన పిల్లవాడి నోట మొదట వచ్చే మాటలు దాదాపు ఎప్పుడూ ఒకటే. నలభై ఏళ్ల మగమనిషి, ఊరు ఫలానా పాళెం, కుడిచేతి వాటం, వృత్తి చేపల వేట. ఇంతవరకూ ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తాడు. ఆపైన ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని జబ్బు సంగతిలోకి దిగుతాడు. ఆ ముందు వాక్యం ఉత్త లాంఛనమని వాళ్ల నమ్మకం. నెల్లూరులో ఎముకల డాక్టరుగా, పీజీ పిల్లలకు చేతి పాఠం చెప్పే మనిషిగా నా నమ్మకం వేరు. చేతి అనాటమీ మొత్తం ఆ వాక్యంలోనే ఉంది. తర్వాత చెప్పేదంతా దానికి వివరణ.

వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. చెయ్యి చదవడమంటే మాటలు కాదు. ఒక్కో చేతికి 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. మణికట్టు ముందువైపు ఎముకల గాడి మీద ఒక గట్టి పట్టీ అడ్డంగా బిగిసి ఉంటుంది. ఆ ఇరుకులోంచే తొమ్మిది టెండాన్లూ మీడియన్ నరమూ కలిసి అరచేతిలోకి రావాలి. వెనకవైపు ఆరు అరలు; ఏ అరలో ఏ టెండాను నడుస్తుందో వరస తప్పకుండా ఒప్పజెప్పాలి. రాత్రి డ్యూటీ చేసి, తెల్లారి ఓపీ చూసి, మధ్యాహ్నం థియేటర్లో రిట్రాక్టర్ పట్టుకుని నిలబడి, మిగిలిన కాస్త వేళలో ఇదంతా బుర్రకెక్కించుకుంటారు. తమ అరచేతి మీద పెన్నుతోనే నరాల దారులు గీసుకుని తిరిగే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒక్కటే దిగులు. పుస్తకం చర్మం దగ్గర మొదలుపెట్టి పొరలు పొరలుగా ఎముక దాకా పోతుంది. మనిషి చెయ్యి ఆ వరసలో చెడదు. అది పని చేస్తూ, ఆ పనిని బట్టి చెడుతుంది.

ఇది చదువుతున్నవాళ్లు ఒకటి చేసి చూడండి. మోచెయ్యి బల్ల మీద ఆనించి, ముంజేతిని నిలువుగా పెట్టి, చేతిని పూర్తిగా వదిలేయండి. మణికట్టు ముందుకు వాలుతుంది, వేళ్లు వాటంతటవే చాపుకుంటాయి. ఇప్పుడు వేళ్ల సంగతి పట్టించుకోకుండా, రెండో చేత్తో ఆ మణికట్టును మెల్లగా వెనక్కి వంచండి. వేళ్లు ముడుచుకుంటాయి. చూపుడు వేలి కన్నా నడిమివేలు, దానికన్నా ఉంగరపు వేలు, అన్నిటికన్నా చిటికెన వేలు ఎక్కువగా. మీరు ఏ వేలినీ కదపలేదు. అసలు వేళ్లలో కదిలించే కండ అన్నదే లేదు. వాటిని బలంగా ముడిచే, చాపే పెద్ద కండలన్నీ ముంజేతిలో కూర్చుని ఉంటాయి. వాటి టెండాన్లు మణికట్టు మీదుగా నడుస్తాయి కాబట్టి, మణికట్టు వంగిన తీరును బట్టి బిగుస్తాయి, వదులవుతాయి. దీన్ని టెనోడిసిస్ అంటారు. మాట వినలేని పసిబిడ్డ చేతిని, స్పృహలో లేని మనిషి చేతిని ఇలా వంచి చూసి ఏ టెండాను తెగిందో చెప్పవచ్చు. తెగిన వేలు ఆ వరసలో చేరకుండా, విడిగా నిటారుగా నిలబడిపోతుంది.

పుస్తకంలో ఇది నాలుగు లైన్లు. మైపాడు ఒడ్డున పెద్ద వల లాగే వేళ నిలబడి చూస్తే ఇదే పాఠం ఇరవై చేతుల్లో ఒక్కసారి కనబడుతుంది. మడమలు ఇసుకలో దిగేసి, నడుము వెనక్కి వాల్చి లాగుతున్న వాళ్లలో ఒక్కరి మణికట్టు కూడా ముందుకు వంగి ఉండదు. అన్నీ కాస్త వెనక్కి, ఇరవై ముప్పై డిగ్రీల మేర ఎత్తి ఉంటాయి. పిడికిలికి నిండు బలం వచ్చేది ఆ కోణంలోనే. మణికట్టు ముందుకు వంచి ఏ తాడైనా పట్టి చూడండి, పట్టు జారిపోతుంది. అందుకే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోయిన మనిషికి, వేళ్లు ముడిచే కండలన్నీ నిక్షేపంగా ఉన్నా తాడు నిలవదు. పరీక్షలో ఈ కేసు వస్తే పిల్లలు 'రిస్ట్ డ్రాప్' అని ఠక్కున చెప్తారు. 'మరి పట్టు ఎందుకు పోయింది? ముడిచే నరాలు వేరే కదా?' అని అడిగితే చాలామంది ఆగిపోతారు. తాడు లాగడం కళ్లారా చూసినవాడు ఆగడు.

ఆ మనుషులే ఎండ ఎక్కాక నీడపట్టున వల బాగుచేసుకుంటూ కూర్చుంటారు. చిరిగిన చోటును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పెట్టుకుని, దారం చుట్టిన సూదిని బొటనవేలూ చూపుడు వేలూ నడిమివేలూ కలిపి పట్టుకుని, ఒక్కో వల కన్నూ ముడివేసుకుంటూ పోతారు. బ్రిటిష్ అనాటమిస్టు జాన్ నేపియర్ 1956లో రాసిన ఒక వ్యాసంలో మనిషి చేతి పట్టులన్నిటినీ రెండుగా విడదీశాడు: బలంతో పట్టేది, నేర్పుతో పట్టేది. మొదటిదానిలో వస్తువును వేళ్లూ అరచెయ్యీ కలిసి బిగిస్తాయి. రెండోదానిలో బొటనవేలి కొసా తక్కిన వేళ్ల కొసలూ ఎదురెదురుగా వస్తాయి. ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైనది మరొకటుంది. ఏ పట్టు పట్టాలన్నది వస్తువు ఆకారాన్ని బట్టి తేలదు, ఆ వస్తువుతో ఏం చేయబోతున్నామన్న దాన్ని బట్టి తేలుతుంది. తాడును లాగేటప్పుడు ఒక పట్టు, అదే తాడుకు ముడి విప్పేటప్పుడు ఇంకో పట్టు. అంటే చేతిలో ఏ కండ, ఏ నరం ఇప్పుడు ముఖ్యమో చెప్పేది ఆ మనిషి ఉద్దేశం. అది తెలియాలంటే అడగాలి. 'వృత్తి చేపల వేట' అని రాసుకుంటే సరిపోదు. తాడు లాగుతావా అన్నా, ఇంజను దగ్గర కూర్చుంటావా, వల కుడతావా?

అడగడం వల్ల టెండాను ఎక్కడుందో కూడా తెలుస్తుందని చెప్తే పిల్లలు మొదట నమ్మరు. కత్తి జారి వేలు అడుగుభాగం తెగిన ఇద్దరు వచ్చారనుకుందాం. ఇద్దరికీ గాయం ఒకే చోట, నడిమి కణుపుకు కాస్త కింద. ఒకడు వేళ్లు చాపి చేపను అదిమి పట్టుకున్నప్పుడు తెగింది. రెండోవాడు చిక్కుపడ్డ తాడును పిడికిట బిగించి తెంపుతుంటే తెగింది. మొదటివాడి టెండాను అవతలి కొస చర్మం మీది గాయం దగ్గరే దొరుకుతుంది. రెండోవాడికి వేలు చాపించగానే ఆ కొస గోరువైపు జరిగిపోతుంది, గాయంలో ఎంత వెతికినా కనబడదు. ఇక ముంజేతి వైపు కొసను కండ వెనక్కి లాగేసుకుంటుంది, అది ఒక్కోసారి అరచేతి దాకా పోతుంది. కోత ఎటు పెంచాలో ముందే తేల్చేది ఒక్క ప్రశ్న: తెగినప్పుడు చెయ్యి ఎలా ఉంది?

తెగే చోటు కూడా ముఖ్యమే. అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉన్న అడ్డగీత నుంచి వేలి నడిమి ఎముక దాకా ఒక ఇరుకు సొరంగం ఉంటుంది. అందులో వేలిని ముడిచే టెండాన్లు రెండు. పైది రెండుగా చీలి దారి ఇస్తే, లోపలిది ఆ చీలిక మధ్యలోంచి దూరి వేలి కొసకు వెళ్తుంది. ఈ రెంటినీ ఎముకకు అంటిపెట్టి ఉంచే గిలకలు వరసగా ఉంటాయి. వాటిలో రెండోది, నాలుగోది పోతే టెండాను వింటినారిలా ఎగిసి నిలబడుతుంది, వేలు పూర్తిగా ముడవదు. ఇంత ఇరుకులో కుట్టిన టెండాను చుట్టుపక్కల దేనికైనా అతుక్కుపోయిందంటే అంతే సంగతులు. శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ఈ జాగాకు 'నో మాన్స్ ల్యాండ్' అని పేరు పెట్టి, ఇక్కడ వెంటనే కుట్టొద్దు, తర్వాత వేరే టెండాను తెచ్చి వేయండి అన్నాడు. 1960ల్లో స్విట్జర్లాండ్‌లో వెర్డాన్, అమెరికాలోని లూయీవిల్‌లో క్లైనర్ట్ వెంటనే కుట్టి, జాగ్రత్తగా కదిలిస్తూ బాగుచేయవచ్చని చూపించారు. ఇప్పుడు మనం చేస్తున్నది అదే. ఒక్కసారి ఆలోచించండి: వల సూది పట్టే వేలు, తాడు బిగించే వేలు, రెండూ ఆధారపడేది ఈ కాస్త సొరంగం మీద.

జెల్ల ముల్లు గురించి చెప్పకపోతే ఈ తీరం చేతుల గురించి చెప్పినట్టే కాదు. జెల్ల చేపకు వీపు మీద ఒకటి, పక్క రెక్కలకు చెరొకటి ముళ్లుంటాయి. వాటికి రంపపు పళ్లు, పైన విషపు పొర. వలలోంచి విడదీసేటప్పుడు వేలిలో దిగితే మంట చెప్పనలవి కాదు. చెయ్యి తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచితే ఆ నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే వేడికి ఆ విషం చెడుతుంది. నన్ను భయపెట్టేది ఆ తర్వాతి రెండు మూడు రోజులు. ముల్లు టెండాను సొరంగంలో దిగి చీము పట్టిందా అన్నది తేల్చే నాలుగు గుర్తులకు షికాగో సర్జన్ ఎలెన్ కెనవెల్ పేరే ఉంది. చేతి ఇన్ఫెక్షన్ల మీద ఆయన పుస్తకం 1912లో వచ్చింది. వేలు కాస్త ముడిచి ఉండిపోవడం, వేలు మొత్తం ఒకే తీరుగా ఉబ్బడం, సొరంగం పొడుగునా నొక్కితే నొప్పి, మనం వేలు చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి. పిల్లలకు ఈ నాలుగూ కంఠతా వచ్చు. ఏ వేలికి గుచ్చుకుందని అడగడం కూడా అంతే ముఖ్యం. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ల సొరంగాలు మామూలుగా అరచేతి మొదట్లోనే ఆగిపోతాయి. చిటికెన వేలిది అరచేతి మీదుగా మణికట్టు దాకా, బొటనవేలిది కూడా మణికట్టు దాకా పోతాయి, చాలామందిలో అక్కడ రెండూ కలుస్తాయి. చిటికెన వేలిలో దిగిన ముల్లు చీము బొటనవేలి వైపు తేలడానికి కారణం ఈ దారి. అలాంటి చేతికి రాత్రికి రాత్రే థియేటర్ కావాలి.

నీళ్లలో పనిచేసేవాళ్ల చేతులకు ఇంకో నిదానపు జబ్బు ఉంది. చిన్న గాయం మానినట్టే ఉండి, వారాలు గడిచాక అక్కడే గడ్డలు తేలుతాయి, వేలు వాపు తగ్గదు, మామూలు మందులకు లొంగదు. మైకోబ్యాక్టీరియం మెరినం అనే సూక్ష్మజీవి పని అది. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో మొదట దొరికింది. క్షయ సూక్ష్మజీవికి చుట్టమే గానీ దీనికి ఒంటి లోపలి వేడి పడదు, ముప్పై డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. అందుకే శరీరంలో చల్లగా ఉండే చేతుల్ని పట్టుకుంటుంది. రొయ్యల గుంటల్లో దిగే మనిషి, ఐసు నీళ్ల మధ్య రొయ్యలు ఒలిచే ఆడమనిషి, వేలి మీద మానని గడ్డతో వస్తే మొదట పని అడగాలి. పని తెలియకపోతే ఈ జబ్బు ఊహకు కూడా రాదు.

ఇదే కుటుంబంలో చల్లదనాన్ని ఇష్టపడే మరో సూక్ష్మజీవి కుష్ఠుది. చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల నరాలను పట్టుకుంటుంది. మోచేతి వెనక అల్నార్ నరం దానికి దొరికే మొదటి చోట్లలో ఒకటి. ఆ నరం చచ్చుబడితే అరచేతిలోని సన్న కండలు చాలావరకు పోతాయి, ఉంగరపు, చిటికెన వేళ్లు కొక్కేల్లా వంగుతాయి. పరీక్షకులకు ఇష్టమైన ఒక చిక్కు ఇక్కడే ఉంది. నరం మణికట్టు దగ్గర తెగితే వంకర ఎక్కువ, పైన మోచేతి దగ్గర తెగితే వంకర తక్కువ. దెబ్బ పెద్దదైతే వంకర తగ్గడం ఏమిటి? మోచేతి దగ్గర పోతే ఆ రెండు వేళ్ల కొసల్ని లోపలికి లాగే ముంజేతి కండ కూడా పోతుంది, ఇక లాగేదే లేదు కాబట్టి.

మన పొరుగున వెల్లూరులో ఈ వంకర చేతుల మీద జరిగిన పని ప్రపంచమంతటికీ తెలుసు. పాల్ బ్రాండ్ 1914లో కొల్లి కొండల్లో పుట్టి, లండన్లో చదివి, 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి వెళ్లినప్పుడు వంకరపోయిన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. గోళ్లు దిగేంత బలంగా నొక్కాడా రోగి. ఆ చెయ్యి చచ్చుబడలేదని బ్రాండ్‌కు అప్పుడు అర్థమైంది. ముంజేతి కండలు బాగున్నాయి, పోయినవి అరచేతి సన్న కండలే. బాగున్న కండ టెండానును మళ్లించి వాటి పని ఇస్తే వేళ్లు తిన్నగా వస్తాయి. అలాగే చేశాడు, వచ్చాయి. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాత ఆయన చేసింది. తిన్నగైన వేళ్లతో మనిషి ఏం చేసి బతకాలని ఆలోచించి, అక్కడే వాళ్లకు వడ్రంగం వంటి పనులు నేర్పించాడు. స్పర్శ లేని చేతులకు దెబ్బ తగలకుండా పనిముట్ల పిడులు మార్పించాడు. 1985లో వచ్చిన ఆయన 'క్లినికల్ మెకానిక్స్ ఆఫ్ ది హ్యాండ్' పుస్తకాన్ని పీజీ పిల్లలు పరీక్ష కోసం తిరగేస్తారు. అందులోని లెక్కల వెనక వెల్లూరులో పనిముట్లు పట్టిన ఆ చేతులున్నాయని వాళ్లకు తెలియాలి.

అల్నార్ నరం పరీక్షకు ఫ్రోమాన్ 1915లో చెప్పిన పద్ధతి ఉంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పట్టుకోమని లాగుతాం. నరం పోయినవాడు బొటనవేలి కొస కణుపును వంచి పట్టుకుంటాడు, ఆ వంపు మీడియన్ నరం చలవ. మా గూడూరు వైపు అభ్రకం రేకులు చీల్చే పనిలో ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది ఇదే పట్టు, కాగితానికి బదులు అభ్రకం. వాళ్లలో ఈ నరం బలహీనపడితే డాక్టరు కన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

ఆడవాళ్ల చేతుల గురించి పుస్తకాలు ఇంకా ఎక్కువ చెప్పాలి. తట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లో తడి నేల మీద జారి, చెయ్యి ఆనించి పడే అమ్మలకు విరిగేది రేడియస్ ఎముక మణికట్టు కొస. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లో దీన్ని వర్ణించాడు. అది కీలు తొలగడం కాదు, ఎముక విరగడమని చేత్తో తడిమి తేల్చాడు. ఎక్స్‌రే రావడానికి ఇంకా ఎనభై ఏళ్లకు పైగా ఉంది. రాంట్‌జెన్ 1895 డిసెంబరులో తీసిన పేరుపొందిన ఆ మొదటి చిత్రం కూడా చేతిదే, ఆయన భార్యది, వేలికి ఉంగరంతో. ఇక కుర్రాళ్లు పడవలో జారి చెయ్యి ఆనించి పడితే బొటనవేలి వైపు స్కాఫాయిడ్ విరుగుతుంది. దీని రక్తం చాలావరకు వేలివైపు నుంచి లోపలికి, వెనుదిరిగి వస్తుంది కాబట్టి నడుమున విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందదు. మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే బెణుకు అని వదిలేయకుండా కట్టి, పది పదిహేను రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలి. 'సార్, రేపు వేటకు పోవాల' అంటాడు ఆ అబ్బాయి. ఆ మాటను కూడా కేస్ షీట్లో రాయమంటాను, ఎందుకంటే ఆ ఎముక అతుకుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

కట్టు వేసే తీరు గురించి నాకు గట్టి పట్టుదల ఉంది. చేతిని పలక మీద చదునుగా చాపి కట్టేసిన మనుషులు నెలన్నర తర్వాత పిడికిలి పట్టలేక వస్తారు. వేలి మొదటి కీళ్లకు పక్కల ఉండే బంధనాలు, వేలు ముడిచినప్పుడు సాగి ఉంటాయి, చాపినప్పుడు వదులుగా ఉంటాయి. వదులుగా ఉండగా కట్టేస్తే అలాగే కుంచించుకుపోతాయి. అందుకని మణికట్టు కాస్త వెనక్కి, మొదటి కీళ్లు డెబ్భై నుంచి తొంభై డిగ్రీలు ముడిచి, ఆపై కణుపులు తిన్నగా పెట్టి కట్టాలి. వేటగాడికి పిడికిలి పోతే బతుకే పోతుంది, అదీ ఒక కట్టు వల్ల పోవడం నేను ఒప్పుకోలేను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పాత నొప్పుల్ని ఓర్చుకుంటూ వచ్చినవాళ్లు ఆ రెండు నెలల్లో ఆసుపత్రికి వస్తారు. పరీక్షకు షార్ట్ కేసుగా కూర్చోమంటే కాదనరు. పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే వేలు వంచమని, అదే కాగితం పట్టమని అడుగుతుంటే ఓపిగ్గా చేస్తారు. ఒకసారి ఒక పెద్దాయన, తన చెయ్యి పట్టుకుని వణుకుతున్న పీజీ అబ్బాయితో, 'భయపడబాకు నాయనా, నిదానంగా చూసుకో, నేనెక్కడికీ పోను' అన్నాడు. ఆయన అల్నార్ నరం సంగతి ఆ అబ్బాయి తప్పు లేకుండా చెప్పాడు. పక్కనున్న పరీక్షకుడు, 'ఈయన ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నాడు?' అని అడిగాడు. అబ్బాయి పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయనే చెప్పాడు: 'వల కుట్టలేను సామీ, సూది జారిపోతుంది.'

అందుకే పరీక్ష వార్డులో సుత్తి, గోనియోమీటర్, దూది పెట్టే ట్రేలో ఒక వల సూది, గజం నైలాను తాడు కూడా పెట్టించమని అడుగుతున్నాను. రెండూ కలిపి ఎంతో ఖరీదు కాదు. సూది పట్టమని ఇచ్చి బొటనవేలు ఎలా వంగుతుందో చూడాలి. తాడు పట్టమని ఇచ్చి మణికట్టు ఎంత ఎత్తుతున్నాడో, చిటికెన వేలు తాడును చుట్టిందో లేదో చూడాలి. ఆ తర్వాత రోగనిర్ధారణ చెప్పాలి, అదీ పూర్తి వాక్యంగా: కుడిచేతి వాటం, వేట వృత్తి, కుడి అల్నార్ నరం మణికట్టు దగ్గర దెబ్బతింది, తాడు పట్టగలరు గానీ ఎక్కువసేపు లాగలేరు, వల సూది నిలవదు, ఆయన అడుగుతున్నది సూది గురించి.